ఎవరి పేరు మీద

మూడోసారి కూడా మిషను భూమవ్వ వేలిని ఒప్పుకోలేదు. కుడిచేతి బొటనవేలు అయింది, చూపుడువేలు అయింది, ఎడమచేతివీ అయ్యాయి. మీసేవలో పనిచేసే శ్రీలత ఆ చిన్న గాజుపలకను చున్నీ చివరతో తుడిచీ తుడిచీ విసిగిపోయి, "అవ్వా, వేలు జర కొంగుకు తుడ్సి పెట్టు, తడి ఉన్నట్టుంది" అంది. భూమవ్వ తుడుచుకోలేదు. తన వేలిని తానే కళ్ల దగ్గర పెట్టుకుని చూసుకుని, "తుడుస్తే ఏమొస్తది బిడ్డా, ఉంటే గదా గీతలు. తునికాకు తిన్నది తిన్నట్టే పాయె" అంది, ఎవరి మీదా ఫిర్యాదు లేనట్టు. వేలు పడకపోతే ముఖం చూపించి చేయొచ్చు కానీ, ముఖం చూసే సైటు కూడా ఇప్పుడే ఆగిపోయిందనీ, గంట పడుతుందో ఏమోననీ శ్రీలత చెప్పింది. ఏటా ఒకసారి తాను బతికే ఉన్నానని భూమవ్వ సర్కారుకు చెప్పుకోవాలి, లేకపోతే బీడీల పింఛను ఆగిపోతుంది. మనిషి ఎదురుగా కూర్చుని దగ్గుతుంటే కూడా నమ్మని ఆ కంప్యూటరు మీద, ఆమెను వెంటబెట్టుకొచ్చిన మెహ్రీన్‌కు నిజానికి కోపం రావాలి. రాలేదు. ఒక గంట దొరికింది అనుకుంది. ఆ గంట ఆమెకు కావాలి.

కోరుట్ల బస్టాండు వెనక సందులో ఒక షట్టరు గది ఈ మీసేవ. రెండు బెంచీలు, ఒక టేబుల్ ఫ్యాను, ఏ కాగితానికి ఏమేం జిరాక్సులు కావాలో రాసిన ఫ్లెక్సీ. భూమవ్వను గోడవైపు ఆనించి కూర్చోబెట్టి, పక్కన తాను సర్దుకుని, మెహ్రీన్ ఫోను తీసింది. పొద్దున జగిత్యాలలో బస్సెక్కి మేడిపల్లి దాటేవరకూ నిలబడే వచ్చింది. ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో ఫోను, ఫోనులో నాలుగు పేజీలు తెరిచి. ప్రోగ్రాం మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పరీక్షకు ఏది పట్టుకుని చదవాలి అన్న ఒక్క ప్రశ్నకు నాలుగు జవాబులు. పరీక్ష పెట్టే సంస్థవారు వేసిన లావుపాటి ప్రమాణ పుస్తకం ఒకటి. అదే విషయాన్ని విడమరిచి చెప్పే గైడు ఒకటి. మాక్ టెస్టుల ప్రశ్నల బ్యాంకు ఒకటి. ఇక నాలుగోది, తమ్ముడి వరసైన అఫ్రోజ్ దోహా నుంచి పంపిన ప్యాకేజీ. ఏదో ఒక్కటి ఎంచుకుని ఈ సాయంత్రం అయిదింటిలోగా పేరు పంపమని తాను పనిచేసే ట్రస్టు హెడ్డాఫీసు నిన్న మెయిలు పెట్టింది. ఒక్కదానికే డబ్బు మంజూరు. పరీక్ష గట్టెక్కితే కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల్లో నడిచే కుట్టు కేంద్రాల ప్రోగ్రాం మొత్తానికి మెహ్రీనే మేనేజరు. గట్టెక్కకపోతే జూన్‌లో హైదరాబాదు నుంచి ఎవరో వస్తారు. ఆ వచ్చినవారికి, ఏ గల్లీలో ఎవరు బీడీలు మానేసి కుట్టుమిషను ఎక్కారో, ఎవరు మళ్లీ బీడీల చాట ఒడిలోకి తీసుకున్నారో, తొమ్మిదేళ్లుగా ఆ గుమ్మాలన్నీ తిరిగిన మెహ్రీనే పక్కన నిలబడి చెప్పిపెట్టాలి. చెప్పిపెట్టడం ఆమెకు కొత్తేం కాదు. కొత్త కాకపోవడమే కష్టంగా ఉంది.

నాలుగింటిలో ఏది? అఫ్రోజ్‌ను అడిగితే అది ప్రశ్నే కాదు. గైడు గురించి ఒకరు ఆకాశానికెత్తుతూ రాస్తారు, కిందనే ఇంకొకరు దండగ అని రాస్తారు. అయిదు చుక్కలిచ్చినవారిలో చదివినవారెందరో, అమ్మేవారి చుట్టాలెందరో. ప్రమాణ పుస్తకం అట్ట మీద అంతా మర్యాదగా ఉంది, లోపల ఏముందో మాత్రం అది చెప్పదు. పైనున్నది చూసి తీసుకోకు, నడిమిది లాగి చూడు, అనేది అమ్మీ. బీడీ కంపెనీవాళ్లు తూచి ఇచ్చే తునికాకు కట్టలో మంచి ఆకులన్నీ పైకి పెట్టి కట్టేవారు. అమ్మీ హమీదాబీ కట్ట విప్పేది కాదు. రెండు వేళ్లు కట్ట నడుమకి దూర్చి ఒక ఆకు లాగి, దాన్ని తడిపి, వేలికి చుట్టి చూసేది. పగిలితే కట్ట వెనక్కి. కంపెనీ తరఫున ఆకు పంచే టేకేదారు గొణిగేవాడు, మిగతా ఆడవాళ్లు ఎవరూ అట్లా అడగరు కదా అనేవాడు. వెనక్కి ఇవ్వడానికి అమ్మీ భయపడేది కాదు. ఆకు విషయంలో భయపడేది కాదు. మిగిలిన అన్ని విషయాల్లోనూ భయమే, బస్సెక్కాలన్నా భయం, సంతకమన్నా భయం, తన పేరు గట్టిగా ఎవరైనా పిలిచినా ఉలిక్కిపడేది. ఆ మనిషికి ఆకు దగ్గర అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చేదో మెహ్రీన్‌కు ఇప్పటికీ అంతుపట్టదు. తడిపిన ఆకు వాసన, గోనెసంచి వాసన, తంబాకు ఘాటుకు పొద్దున్నే తుమ్ములు. హోంవర్కు పుస్తకం మీద పడ్డ తంబాకు పొడిని ఊదుతూ లెక్కలు చేసుకున్న రోజులు.

సరే, నడిమిది లాగి చూద్దాం అనుకుని మెహ్రీన్ గైడులో ఉచితంగా చూపించే పేజీలను మధ్యలో తెరిచింది. ఒకే బొమ్మ, బాణాలు, గడులు. కింద, ఈ బొమ్మను కంఠతా పట్టండి అని ఉంది. పట్టుకుని ఏం చేయాలో లేదు. పగిలింది అనుకుంది. ప్రశ్నల బ్యాంకులో యాభైమూడో ప్రశ్న తెరిచింది, ఎందుకు యాభైమూడో అంటే ఏమో, నడుమన తగిలింది కాబట్టి. మీ ప్రోగ్రాంలోని ఒక ప్రాజెక్టు తన పని తాను సకాలంలో, చక్కగా చేస్తోంది. కానీ అది కొనసాగడం వల్ల మిగతా ప్రాజెక్టులు కుంటుపడుతున్నాయి. ప్రోగ్రాం మేనేజరుగా మీరేం చేస్తారు? కింద నాలుగు జవాబులు. మెహ్రీన్ జవాబులు చదవలేదు. ఫోను ఒడిలో బోర్లించి ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను మెడ అటు తిరిగి, అక్కడే కాసేపు తట్టుకుని, మళ్లీ ఇటు తిరుగుతోంది. వెల్గటూరు. రెండేళ్ల కిందట మూతపడ్డ కుట్టు కేంద్రం. ఆ ప్రశ్న రాసినవాడు ఏ దేశంలో కూర్చుని రాశాడో, అతనికి వెల్గటూరు పేరు ఎట్లా తెలిసిందో.

"ఏమాయె బిడ్డా, ఫోన్ల ఏమన్న చెడ్డ కబురా?" అంది భూమవ్వ.

"లేదు పెద్దమ్మా. పరీక్ష పుస్తకాలు చూస్తున్న."

"ముప్పై ఏడేండ్లొచ్చినయి, ఇంకా పరీక్షలేనా నీకు?" భూమవ్వ నవ్వింది, నవ్వు దగ్గులోకి పోయింది. మెహ్రీన్ ఆమె వీపు రాసింది. జాకెట్టు కింద ఎముకలు తెలుస్తున్నాయి. కొడుకు నవీన్ దుబాయి నుంచి వారానికోసారి వీడియోకాల్ చేస్తాడు కానీ, వీపు ఇంత బక్కచిక్కిందని వీడియోలో ఎట్లా తెలుస్తుంది. ఒకే గోడకు అటు భూమవ్వ ఇల్లు, ఇటు మెహ్రీన్ నాన్న బాబా మియా సైకిళ్ల దుకాణం, దుకాణం వెనక ఇల్లు. గోడలో ఒక ఇటుక తీసేసిన సందు ఉండేది. ఆ సందులోంచి కత్తెర, దారం ఉండ, ఉప్పు, రంజాన్‌లో హలీం గిన్నె, పండక్కి సకినాలు, అన్నీ అటూ ఇటూ పోయేవి. అన్నిటికన్నా ఎక్కువగా పోయింది బీడీలు. ఇటువైపు నుంచి అటువైపుకే.

ఎందుకంటే బీడీ కంపెనీ ఇచ్చిన కార్డు అటువైపు ఉంది. కంపెనీ కార్డులు రాసిన ఏడాది, హమీదాబీ కొత్త పెళ్లికూతురుగా మెట్‌పల్లి నుంచి వచ్చి నాలుగు నెలలు కాలేదు. ఇక్కడి రేషన్‌కార్డులో పేరెక్కలేదు. వచ్చే లిస్టులో రాస్తానన్నాడు టేకేదారు. వచ్చే లిస్టు రాలేదో, వచ్చినప్పుడు ఈమె అడగలేదో. అడగలేదనే మెహ్రీన్ నమ్మకం. అప్పటిదాకా భూమక్క కార్డు మీద చుట్టు, అన్నారు, చుట్టింది. అప్పటిదాకా అన్నది ఇరవై రెండేళ్లయింది. ఒక్క కార్డు మీద ఇద్దరాడవాళ్లు. పొద్దున భూమవ్వ ఒక్కతే గంప ఎత్తుకుని ఖార్ఖానాకు పోయి తన పేరు పలికించుకుని అప్పజెప్పి వచ్చేది. వారం వారం అమ్మీకి రావాల్సింది అదే సందులోంచి వచ్చేది, ఒక్క వారం తప్పలేదు. మోసం ఎక్కడా లేదు. అందుకే ఎవరి మీద కోపం పెట్టుకోవాలో మెహ్రీన్‌కు చిన్నప్పటినుంచీ తెలియలేదు. కాలేజీ రోజుల్లో ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది, నీ పేరు మీద ఎందుకు లేదు అమ్మీ అని. అమ్మీ ఆకు మీద కొలత రేకు పెట్టి చుట్టూ కత్తెర తిప్పుతూ, తల ఎత్తకుండానే, "నామ్ కిస్కా భీ రహో, హాథ్ తో హమారేచ్ హై" అంది. పేరు ఎవరిదైతేనేం, చేతులు మనవే కదా. ఎంత హాయిగా అంది. ఆ హాయికి మెహ్రీన్ ఆ రోజు మురిసిపోయింది కూడా. ముసలితనంలో ఆ చేతులకు పింఛను ఎవరూ ఇవ్వలేదు. చూపించడానికి కాగితం లేదు.

మూడేళ్ల కిందట అమ్మీ పోయిన రోజున, స్నానం చేయించేటప్పుడు ఆమె వేళ్లు మెహ్రీన్ చేతిలోకి వచ్చాయి. నున్నగా ఉన్నాయి. గులకరాయంత నున్నగా, ఏ గీతా లేకుండా.

బయట ఎవరో బండి స్టాండు వేశారు. శ్రీలత కంప్యూటరు మీద ఏదో నొక్కి, తల అడ్డంగా ఊపింది. ఇంకా రాలేదు. ఫోను మోగింది, సిరిసిల్ల నుంచి సుమిత్ర, అక్కడి కటింగ్ యూనిట్ చూసే మనిషి. "మేడం, బడి డ్రెస్సుల బట్ట కట్ చేసి పెట్టినం. వ్యాను పొద్దుగాల అంపుతరా, మాపటికా?" మాపటికి, కోరుట్లలో గుండీల పని అయ్యాక అదే వ్యాను వస్తుంది, ఆ లోపల కత్తిరించినవాటిని సైజులవారీగా కట్టలు కట్టించు, అని చెప్పి పెట్టేసింది. చెప్పడానికి పది సెకన్లు పట్టలేదు. ప్రమాణ పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఉందట, వేర్వేరు పనుల మధ్య ముడులు చూసుకోవడం గురించి. ఒక్కో పనిని సరిగ్గా ముగిస్తే అది ప్రాజెక్టు. ఆ పనులన్నీ కలిసి ఎవరికైనా మేలు చేశాయా లేదా చూసుకోవడం ప్రోగ్రాం. ఆ పుస్తకం పరిచయంలో ఈ ముక్క చదివినప్పుడు మెహ్రీన్‌కు కాస్త సిగ్గు వేసింది, కాస్త గర్వం కూడా. తొమ్మిదేళ్లుగా తాను చేస్తున్న పనికి ఇంత పెద్ద పేరుందని తెలియదు. సిరిసిల్ల సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన బట్ట అక్కడే కత్తిరించి, కోరుట్లలో కుట్టించి, జగిత్యాలలో లెక్క చూసి పంపడం. కాగితాల మీద ఆ పని చేసింది అప్పటి మేనేజరు రంజిత్ సార్. నెలనెలా రిపోర్టు ఈమే రాసేది. కింద ఆయన పేరుండేది. ఆయన చెడ్డవాడేం కాదు. మీరు రాయండి మెహ్రీన్, మీ ఇంగ్లీషు బాగుంటుంది, అనేవాడు. రాసేది. ఎవరి పేరైతేనేం. పోయిన ఏడు ఆ రిపోర్టుల బలంతోనే ఆయన పెద్ద ఉద్యోగానికి ఢిల్లీ వెళ్లాడు. వీడ్కోలు సభలో శాలువా కప్పింది కూడా మెహ్రీనే.

ఇప్పుడు ఆ సర్టిఫికెట్ వాళ్లు పరీక్షకన్నా ముందు ఒక దరఖాస్తు అడుగుతున్నారు. నీ అనుభవం నీ మాటల్లో రాయి. మేము అని రాయొద్దు, నేను అని రాయి. ఆ పని నువ్వే చేశావని చెప్పగల మనుషుల పేర్లియ్యి. పెద్దలు కూర్చుని అది చదివి ఒప్పుకుంటేనే పరీక్ష. వారం రోజులుగా మెహ్రీన్ ఆ గడి ముందు కూర్చుంటోంది. మా బృందం, అని మొదలవుతుంది. కొట్టేస్తుంది. కేంద్రాలు ఏర్పాటు చేయబడినవి, అని మొదలవుతుంది. ఎవరు చేశారమ్మా, దయ్యాలా? కొట్టేస్తుంది. నేను అని రాస్తే వేళ్లు కీబోర్డు మీద ఆగిపోతున్నాయి, ఇంకెవరి కొంగో పట్టుకుని లాగుతున్నట్టు.

అక్కడే అఫ్రోజ్ ప్యాకేజీ పనికొస్తుంది. వాయిస్ మెసేజీ మళ్లీ వినడానికి ఫోను చెవికి ఆనించుకుంది. "ఆపా, ఊకె సదువుకుంట కూసుంటే ఏండ్లు వట్టుద్ది. వీళ్ల దగ్గర పోయినసారి వచ్చిన ప్రశ్నలన్ని ఉంటయి. ఎస్సేలు గూడ వాళ్లే రాసిస్తరు, నీ పేరు వెట్టుకునుడే. నేను గట్లనే పాసైన. ఇంక ఆలోచన జేయకు." పాపం, మంచి కోరే చెప్పాడు. జతచేసిన నమూనా వ్యాసం మెహ్రీన్ రాత్రే చదివింది. ఒక మహానగరంలో మెట్రో లైను, నాలుగు వేలమంది పనివాళ్లు, నేను నిర్ణయించితిని, నేను ఒప్పించితిని, నేను సాధించితిని. వాక్యానికో నేను. ఎంత ధీమాగా ఉన్నాయో ఆ నేనులు. మెట్రోను కుట్టు కేంద్రాలుగా మారిస్తే సరిపోతుందట. ఆ పని ఎవడు చేశాడో, అసలు ఎవడైనా చేశాడో లేదో. ఎవరో చుట్టిన కట్ట మీద తన పేరు. ఇన్నాళ్లూ తన చేతుల పని ఇంకొకరి పేరు మీద పోయింది, ఇప్పుడు ఇంకొకరిది తన పేరు మీద వస్తుంది, చెల్లుకు చెల్లు కదా అని ఒక గొంతు లోపల అంటూనే ఉంది, అది అఫ్రోజ్ గొంతు కాదు, తనదే. జూన్ దగ్గరకొచ్చింది. హైదరాబాదు మనిషి వస్తాడు. కొత్తవాడికి కోరుట్ల ఒక లెక్క, ఎన్ని మిషన్లు, ఎన్ని జతలు. కేంద్రంలో కుట్టే లింగవ్వ కళ్లు మసకబారుతున్నాయని, ఆమెకు గుండీల పని తప్పించాలని వాడికెవరు చెబుతారు. ఇంత మంచి కోసం ఒక చిన్న అబద్ధం. చిన్నదేనా?

"మీయమ్మ నీకన్న మొండిది తెలుసునా" అంది భూమవ్వ ఉన్నట్టుండి, ఇంతసేపూ తనలో తాను మాట్లాడుకుంటున్న మాటకు కొనసాగింపుగా. "ఒక్కపారి ఖార్ఖానల చెకింగాయన మన గంపల సగం బీడీలు తీసి అవతల పారేసిండు, మూతి సరింగ మలువలేదని. అవన్ని నేను జుట్టినయే. మీయమ్మయి ఒక్కటి దీయలే. నేను ఇంటికొచ్చి, హమీదా, నీయి గూడ పారేసిండే అని జెప్పిన. అవద్దం జెప్పిన."

"ఎందుకు పెద్దమ్మా?"

"సిగ్గనిపించి. కార్డు నాది, పేరు నాది, పనితనమేమో ఆమెది. మొకం ఎట్ల జూపెట్టాలె?" భూమవ్వ కొంగుతో పెదాలు తుడుచుకుంది. "ఆమె నమ్మింది. నాలుగొద్దులు కూసొని మూతి మలుసుడు మల్ల నేర్సుకున్నది పిచ్చిది, వచ్చిన పనే. నాకు ఇయ్యాల్టికి గది యాదికస్తే బువ్వ సయించది. అవద్దమని జెప్పేలోపల పాయె."

మెహ్రీన్ ఆమె కొంగు భుజం మీదికి సర్దింది. భూమవ్వ బదులు కోరి చెప్పినట్టు లేదు. గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. ఫ్యాను ఇటు తిరిగింది, అటు తిరిగింది. అమ్మీ నాలుగు రోజులు కూర్చుని, వచ్చిన పనినే మళ్లీ నేర్చుకోవడం. ఆ నాలుగు రోజులూ మెహ్రీన్‌కు గుర్తున్నాయా? ఏమో, అమ్మీ ఎప్పుడూ చుట్టుతూనే ఉండేది, ఏ నాలుగు రోజులని గుర్తుపెట్టుకోవడం. కానీ సత్తవ్వ ముఖం గుర్తుంది. దాన్ని పక్కకు నెట్టాలని ఎంత చూసినా అది పక్కకు పోదు.

రెండేళ్ల కిందటి మాట. వెల్గటూరు కేంద్రంలో పద్దెనిమిదిమంది. సత్తవ్వ వాళ్లకు పెద్ద. అక్కడి కుట్టు నాణ్యమైనది. ఒక్క జత తిరిగి వచ్చేది కాదు. కానీ గోదావరి ఒడ్డున ఎక్కడో ఆ చివర, ఒక్కటే వ్యాను, పోయి రావడానికే పూట గడిచిపోయేది. నాట్లకూ కోతలకూ వాళ్లంతా పొలాల్లోకి దిగిపోయేవాళ్లు, దిగక ఏం చేస్తారు. ఆ పదిహేను రోజులూ సిరిసిల్లలో బట్ట ఆగి, కోరుట్లలో మిషన్లు ఆగి, మొత్తం ఆర్డరే చేజారే దాకా వచ్చింది. ఒక కేంద్రం తీసేస్తే మిగిలినవి నిలుస్తాయి. రంజిత్ సార్ అప్పుడు సెలవులో ఉన్నాడు, మీరే చూసి చెప్పండి అన్నాడు. మెహ్రీన్ మూడు రోజులు లెక్కలు వేసి, వెల్గటూరు మూసేద్దాం అని రాసింది. మిషన్లు కోరుట్లకు తరలించారు. వ్యానులోకి ఎక్కిస్తుంటే సత్తవ్వ తన మిషను మీద చెయ్యి వేసి, "మేమేం తప్పు జేసినం బిడ్డా? ఎవలు బందువెట్టిన్రు?" అని అడిగింది. "పైనుంచి ఆర్డర్ వచ్చింది సత్తవ్వా, నా చేతుల ఏం లేదు" అంది మెహ్రీన్. ఎంత సులువుగా వచ్చింది ఆ మాట. ఎవరి పేరైతేనేం అనడంలో ఇంత సుఖం ఉందని అప్పుడే తెలిసింది. పేరు లేని చేతికి తప్పు కూడా అంటదు. నేను అని రాయాలంటే వేళ్లు ఆగిపోయేది అణకువ వల్ల అని ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకుంది. అణకువ కాదు. నేను అని ఒక్కచోట రాస్తే, వెల్గటూరు దగ్గర కూడా నేను అనే రాయాలి.

ఇంకా ఒకటుంది, దాని కింద. మూసింది వెల్గటూరునే ఎందుకు, కోరుట్లను ఎందుకు కాదు? లెక్క ప్రకారం సరే, దూరం, వ్యాను, నాట్లు. కానీ లెక్క వేసిన చెయ్యి కోరుట్లది. ఆ మిషన్ల మీద కూర్చున్నవాళ్లు అమ్మీతో పాటు ఆకు తడిపిన ఆడవాళ్లు, వాళ్ల కోడళ్లు. లెక్క ఇంకోలా వచ్చి ఉంటే కోరుట్లను మూసేదా? మూసేదాన్నే అనుకోవాలని ఉంది. తెలియదు. ఈ తెలియదు అన్నమాట ఏ మెట్రో వ్యాసంలోనూ ఉండదు. అక్కడ అందరికీ అన్నీ తెలుసు.

"అవ్వా, వచ్చింది వచ్చింది, జల్ది రా!" అని శ్రీలత కేక వేసింది.

భూమవ్వను నిలబెట్టి, కుర్చీ దాకా నడిపించి, ఫోను ఎదురుగా కూర్చోబెట్టారు. తెర మీద గుండ్రటి గీత, దాని మధ్య ముడతల ముఖం. రెప్ప కొట్టమంటోంది అని శ్రీలత చెప్పింది. భూమవ్వ రెండు కళ్లూ గట్టిగా మూసుకుని అట్లాగే ఉండిపోయింది. "గట్ల గాదవ్వా, మూసి తెరువాలె!" తెరిచింది. మళ్లీ మూసింది. నాలుగోసారికి పచ్చటి టిక్కు పడింది. ఈ ఏటికి భూమవ్వ బతికి ఉంది. ప్రింటు చర్రున బయటికి వచ్చింది. భూమవ్వ దాన్ని వేడివేడిగా రెండు చేతులా పట్టుకుని, చదవడం రాకపోయినా పైనుంచి కిందిదాకా చూసి, ఒకచోట వేలు పెట్టి అడిగింది.

"గీడ నా పేరేనా బిడ్డా?"

"అవునవ్వా, నీ పేరే."

"దీని పక్కపొంటి హమీద పేరు రాయొస్తదా? ఇద్దరం జుట్టినయి గవి."

శ్రీలతకు అర్థం కాలేదు, నవ్వాలో వద్దో తెలియక మెహ్రీన్ వైపు చూసింది. "గట్ల రాయరాదవ్వా, ఒక్కలదే ఉంటది" అంది మెల్లగా. "అట్లనా" అంది భూమవ్వ. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జాకెట్టులో దోపుకుని, మెహ్రీన్ చేతిని పట్టుకుంది. ఆ చేతికి గీతల్లేవు, కానీ పట్టు ఉంది. మెహ్రీన్‌కు కన్నీళ్లు వచ్చాయి. ఆపుకోలేదు. పట్టపగలు, మీసేవలో, జిరాక్సుల కోసం నిలబడ్డవాళ్ల ముందు ఏడ్చింది. మూడేళ్ల కిందట ఏడవనంతగా ఏడ్చింది.

బయట చెట్టు నీడలో సిమెంటు దిమ్మె మీద భూమవ్వను కూర్చోబెట్టి, చెరకురసం గ్లాసు చేతికిచ్చింది. ఆటో రావాలి. ఫోను తీసింది. ప్యాకేజీ పేజీ మూసేసింది, గైడు మూసేసింది. ప్రశ్నల బ్యాంకును ఒక్క నిమిషం చూసింది. అది అడిగే ప్రశ్న మంచిదే, కానీ జవాబులు నాలుగే ఇస్తుంది, అందులోనే ఏరుకోమంటుంది. తనకు ఏరుకోవడం కన్నా ముందు, ఎందుకో తెలియాలి. లావుపాటి ప్రమాణ పుస్తకంలో ఉచితంగా చూపించే పేజీలను నడిమిలో తెరిచింది. ఒక పనిని ఆపేయాల్సి వచ్చినప్పుడు, దానివల్ల నష్టపోయేవారికి ఆ నిర్ణయాన్నీ దాని కారణాన్నీ నేరుగా చెప్పడం ప్రోగ్రాం మేనేజరు బాధ్యత, అని ఉంది, ఏ ఆర్భాటమూ లేకుండా, ఆ పేజీలో పదకొండో వాక్యంగా. మెహ్రీన్ దాన్ని రెండుసార్లు చదివింది. ఈ ఆకు పగలలేదు. హెడ్డాఫీసుకు ఆ పుస్తకం పేరు ఒక్కటి రాసి పంపింది. గెలుస్తానని కాదు. పెద్దలు దరఖాస్తు చదివి తోసిపుచ్చవచ్చు. జూన్‌లో హైదరాబాదు మనిషే రావచ్చు. దరఖాస్తులో ఖాళీ గడి తెరిచి, ఆగకుండా ఒక వాక్యం కొట్టింది: వెల్గటూరు కేంద్రాన్ని మూసేయాలని నిర్ణయించింది నేను. చూసుకుంది. దాని కింద ఇంకేం రాయబుద్ధి కాలేదు. ముందుగా చదవాల్సిన మనిషి ఆ పెద్దల్లో లేదు.

రెండేళ్లుగా చేయని నంబరు. నాలుగోసారి మోగాక ఎత్తింది. వెనక ఎక్కడో మోటారు చప్పుడు.

"సత్తవ్వా, నేను మెహ్రీన్‌ను. కోరుట్ల నుంచి."

"మెహ్రీనమ్మనా? మంచిగున్నవా బిడ్డా? ఎన్నొద్దులాయె!"

"సత్తవ్వా, నీకు ఒక మాట చెప్పాలె. గా సెంటరు బందువెట్టింది పైవాళ్లు గాదు. అప్పుడు నీకు అబద్ధం చెప్పిన. బందువెట్టుమని రాసింది నేనే."

మోటారు చప్పుడు అట్లాగే వినిపిస్తోంది. భూమవ్వ చెరకురసం గ్లాసును రెండు చేతులా పట్టుకుని ఇటే చూస్తోంది. అవతల సత్తవ్వ మోటారుకు దూరంగా నడిచినట్టుంది, చప్పుడు తగ్గింది. ఆమె గొంతులో ఇప్పుడు పలకరింపు లేదు, కోపం కూడా లేదు.

"ఎందుకు?" అంది. "ఎందుకు బందువెట్టినవు? ఒక్కొక్కటి జెప్పు. ఇంటున్న."

మెహ్రీన్ దిమ్మె మీద భూమవ్వ పక్కన కూర్చుంది. ఆటో వచ్చి ఆగింది. ఉండమని చెయ్యి చూపించి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.